మనసు బిగుసుకుంటే మోకాలికెందుకు ముప్పు?

ఇంగ్లండ్ మహిళల ఫుట్‌బాల్ కెప్టెన్ లియా విలియమ్సన్ 2023 ప్రపంచ కప్ ఆడలేకపోయారు. మోకాల్లోని ఏసీఎల్ లిగమెంటు తెగింది. ఫుట్‌బాల్‌లో ఈ గాయం అబ్బాయిలకంటే అమ్మాయిలకు రెండు మూడు రెట్లు ఎక్కువ. శరీర నిర్మాణం, కండర బలం, కాలికి నప్పని బూట్లు... కారణాలు చాలానే ఉన్నాయి. క్రీడాకారుల గాయాలకు మానసిక ఒత్తిడీ తోడవుతుందని 1988లో విలియమ్స్, ఆండర్సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు వివరించారు.

ఎలాగంటే, భయమో దిగులో పట్టుకున్నప్పుడు కండరాలు బిగుసుకుంటాయి. చూపు ఇరుకై, పక్కనుంచి దూసుకొచ్చే ప్రత్యర్థి ఆలస్యంగా కనిపిస్తుంది. కంగారులో పాదం తప్పుగా పడితే మోకాలు మెలిపడొచ్చు. నిద్ర పట్టకపోతే అలసిన ఒళ్లు తేరుకోదు. చదువో ఉద్యోగమో చేస్తూ ఆడే అమ్మాయిలకు ఈ భారం మరీ ఎక్కువ. అందుకే కోచ్‌లు పరుగు వేగంతోపాటు “రాత్రి నిద్ర పట్టిందా అమ్మా?” అని కూడా అడగాలి.