వెబ్‌సైట్‌కు ఎంత అడగాలి? ఫ్రీలాన్స్ డిజైనర్ల ధర వెనుక ఉండే లెక్క

కొత్తగా నర్సింగ్ హోం పెట్టిన వైద్యుడైనా, కోచింగ్ కేంద్రం నడిపే ఉపాధ్యాయుడైనా స్వతంత్రంగా పనిచేసే వెబ్ డిజైనర్‌ను మొదట అడిగే ప్రశ్న ఒక్కటే: ‘‘వెబ్‌సైట్‌కు ఎంత తీసుకుంటారు?’’ ఒకే పనికి ఒకరు రూ.8 వేలు, మరొకరు రూ.80 వేలు చెప్పినా ఆశ్చర్యం లేదు. రెండో వ్యక్తి దోచుకుంటున్నాడని అడిగినవారు అనుకుంటారు. మొదటి వ్యక్తి తనకెంత ఖర్చవుతుందో లెక్కే వేసుకోలేదన్న అనుమానం మాత్రం ఎవరికీ రాదు.

ఈ వృత్తికి ప్రభుత్వం నిర్ణయించిన రుసుముల పట్టిక లేదు. అందువల్ల ధర బేరంతోనే తేలుతుంది. బేరానికి కూర్చునే ముందు డిజైనర్ చేతిలో ఉండవలసిన అంకె ఒకటి ఉంది. అంతకన్నా తక్కువకు ఒప్పుకుంటే ఇల్లు గడవదు, వృత్తి నిలవదు. ఆ కనీస ధరను ఎలా కట్టాలన్నదే అసలు విషయం.

జీతంతో పోల్చితే వచ్చే చిక్కు

ఉద్యోగం మానేసి ఫ్రీలాన్సింగ్‌లోకి వచ్చేవారు సాధారణంగా పాత జీతాన్ని గంటలతో భాగిస్తారు. నెలకు రూ.40 వేల జీతం, 22 పని దినాలు, రోజుకు 8 గంటలు అనుకుంటే గంటకు సుమారు రూ.227 వస్తుంది. దాన్ని రూ.250 చేసి అడిగితే పాత సంపాదనకన్నా మెరుగేనని వారి నమ్మకం. ఈ లెక్కలో రెండు లోపాలున్నాయి.

మొదటిది, ఉద్యోగికి జీతంతోపాటు సంస్థ భరించే ఖర్చులు చాలా ఉంటాయి. భవిష్య నిధి వర్తించే చోట యజమాని వాటా వేతనంలో 12 శాతం. సెలవు రోజుకూ జీతం వస్తుంది. కంప్యూటరు, విద్యుత్తు, సాఫ్ట్‌వేర్ లైసెన్సులు సంస్థవే. ఫ్రీలాన్సర్ వీటన్నిటినీ తన జేబులోంచి పెట్టుకోవాలి.

రెండోది గంటల లెక్క. ఏడాదిలో 365 రోజులకు 104 శని, ఆదివారాలు, పండుగలకు 15, జ్వరాలకూ శుభకార్యాలకూ మరో 20 తీసేస్తే 226 రోజులు మిగులుతాయి. ఆ రోజుల్లోనూ 8 గంటలకు 8 గంటలూ డబ్బు తెచ్చే పని ఉండదు. కొత్త ఖాతాదారుల కోసం వెతకడం, కొటేషన్లు రాయడం, బాకీల కోసం ఫోన్లు చేయడం, కొత్త పరిజ్ఞానం నేర్చుకోవడం వంటివాటికి ఎవరూ చెల్లించరు. రోజుకు 5 గంటలు చెల్లింపు పని దొరికితే బాగా నడుస్తున్నట్టే. అంటే ఏడాదికి ఇంచుమించు 1,100 గంటలు.

ఇప్పుడు ఒక ఉదాహరణ తీసుకుందాం. ఇంటి ఖర్చుకు నెలకు రూ.40 వేలు కావలసిన డిజైనర్‌కు ఏడాదికి రూ.4.80 లక్షలు అవసరం. రూ.75 వేల ల్యాప్‌టాప్ మూడేళ్లు పనిచేస్తుందనుకుంటే ఏటా రూ.25 వేలు. ఇంటర్నెట్, విద్యుత్తు, ఫోన్ కలిపి రూ.30 వేలు, సాఫ్ట్‌వేర్‌కు రూ.36 వేలు, ఆరోగ్య బీమాకు రూ.24 వేలు, వృద్ధాప్యం కోసం దాచుకునేది రూ.60 వేలు, లెక్కలు చూసే అకౌంటెంట్‌కు రూ.15 వేలు. ఈ అదనపు ఖర్చులే రూ.1.90 లక్షలవుతాయి. మొత్తం రూ.6.70 లక్షలు. పని దొరకని నెలల కోసం 15 శాతం కలిపితే రూ.7,70,500. దీన్ని 1,100 గంటలతో భాగిస్తే గంటకు రూ.700.

పాత జీతం గంటకు రూ.227 అనిపించిన మనిషికి అదే జీవితం గడవాలంటే గంటకు రూ.700 కావాలన్నమాట. కొత్త పన్ను విధానంలో 2025-26 నుంచి రూ.12 లక్షల వరకు ఆదాయానికి రిబేటు ఉండటం వల్ల ఇందులో ఆదాయపు పన్నును చేర్చలేదు. అంతకు మించి సంపాదించేవారు దాన్నీ కలుపుకోవాలి. అంకెలు ఊరిని బట్టి, కుటుంబాన్ని బట్టి మారతాయి. హైదరాబాద్‌లో అద్దె ఇంట్లో ఉన్నవారి లెక్క, నరసరావుపేటలో సొంత ఇంట్లో ఉన్నవారి లెక్క ఒకటి కావు. లెక్కించే తీరు మాత్రం ఒకటే.

గంటల లెక్క ఎవరికి?

ఈ గంట ధరను ఖాతాదారుకు చెప్పవలసిన అవసరం లేదు. చెప్పకపోవడమే మేలు. గంటల చొప్పున బిల్లు వేస్తే పనితనం పెరిగినకొద్దీ ఆదాయం తగ్గుతుంది. పదేళ్ల అనుభవంతో రెండు గంటల్లో ముగించిన పనికి, కొత్తవారు పది గంటలు తీసుకున్న పనికన్నా తక్కువ రావడం న్యాయం కాదు. కృత్రిమ మేధ పరికరాలు వచ్చాక ‘‘అదంతా కంప్యూటరే చేస్తుంది కదా’’ అనే మాట తరచుగా వినిపిస్తోంది. పని మొత్తానికి ఒక ధర చెప్పేవారిని ఈ మాట అంతగా ఇబ్బంది పెట్టదు. గంట ధర సొంత పుస్తకంలోనే ఉండాలి.

ఒక ఆసుపత్రికి ఎనిమిది పేజీల వెబ్‌సైట్ కావాలనుకుందాం. సంప్రదింపులకు 10 గంటలు, రూపకల్పనకు 18, నిర్మాణానికి 18, పాఠ్యం, చిత్రాల పనికి 10, పరీక్షించి అప్పగించడానికి 4. మొత్తం 60 గంటలకు రూ.42 వేలు. ఊహించని పనులకు 20 శాతం కలిపితే దాదాపు రూ.50 వేలు. డొమైన్, హోస్టింగ్ ఖర్చులు వేరుగా చూపాలి. అవి ఏటా కట్టవలసినవని ముందే చెప్పాలి. డొమైన్ ఖాతాదారు పేరిటే నమోదు కావాలి. దాన్ని తన పేరిట ఉంచుకుని, తర్వాత గొడవ వచ్చినప్పుడు పట్టుకొమ్మగా వాడుకునే అలవాటు కొందరికి ఉంది. అది వృత్తికే మచ్చ.

పాఠ్యానికి 10 గంటలు ఎందుకని తెలుగు వెబ్‌సైట్లు చేసినవారెవరూ అడగరు. డీటీపీ కేంద్రంలో అనూ ఫాంట్లలో టైప్ చేసిన కరపత్రాన్ని పంపి ‘‘ఇదే పెట్టేయండి’’ అంటారు. దాన్ని యూనికోడ్‌లోకి మార్చాలి. మార్చాక ఒత్తులు, దీర్ఘాలు సరిగా ఉన్నాయో లేదో అక్షరం అక్షరం చూడాలి. వాట్సాప్‌లో వచ్చిన ఫొటోలు కుదించుకుపోయి ఉంటాయి. మళ్లీ అసలు ప్రతులు తెప్పించుకోవాలి. కొటేషన్‌లో కనిపించని ఇలాంటి గంటలే డిజైనర్ల లాభాన్ని ఎక్కువగా తినేస్తాయి.

అవతలివారి దగ్గర రూ.18 వేలే ఉంటే? రూ.50 వేల పనిని రూ.18 వేలకు ఒప్పుకోవడం చాలామంది చేసేది. దానికి బదులు పనిని తగ్గించడం మేలు. సిద్ధంగా దొరికే నమూనాతో ఒకే పొడవాటి పేజీ, వైద్యుల వివరాలు, వేళలు, పటం, ఫోన్ నంబరు. 25 గంటల్లో ముగిస్తే రూ.17,500. గంట ధర అలాగే ఉంది, ఇచ్చే సరుకు మారింది. ధరను తగ్గించి అదే పని చేస్తే ఆ పాత ధర ఊళ్లో పాకుతుంది. తర్వాత వచ్చే వారంతా అదే అడుగుతారు. నష్టం ఖాతాదారుకూ ఉంది. గిట్టుబాటు కాని పనిని డిజైనర్ మధ్యలో వదిలేస్తే సగం కట్టిన వెబ్‌సైట్‌ను ముట్టుకోవడానికి మరొకరు సులభంగా ముందుకు రారు.

అన్‌లైన్ వేదికల ద్వారా పని తెచ్చుకునేవారు వాటి రుసుమును కూడా లెక్కలో వేసుకోవాలి. ఫైవర్ విక్రేత ఆదాయంలో 20 శాతం తీసుకుంటుంది. చేతికి రూ.700 రావాలంటే రూ.875 అడగాలి. అమెరికాలోని తెలుగు సంఘాలు, రెస్టారెంట్ల నుంచి నేరుగా పని దొరికేవారికి ఈ కోత ఉండదు. అక్కడి ధరలతో పోల్చి చెప్పుకునే వీలూ ఉంటుంది. ఇక్కడి ఖర్చు కనీస ధరను నిర్ణయిస్తుంది గానీ గరిష్ఠ ధరను కాదు. వెబ్‌సైట్ వల్ల అవతలి వ్యాపారానికి ఎంత మేలు జరుగుతుందో దాన్ని బట్టి పై ధర ఉంటుంది.

ఒప్పందం, పన్నులు, బకాయిలు

ధర చెప్పేటప్పుడే ఎన్నిసార్లు మార్పులు చేస్తారో కాగితం మీద ఉండాలి. రెండు విడతల సవరణలు ధరలో భాగమని, ఆపై ప్రతి విడతకూ ఇంత అని రాస్తే సరిపోతుంది. చెల్లింపును అడ్వాన్స్ 40 శాతం, నమూనా ఆమోదించాక 30, ప్రారంభానికి ముందు 30 శాతంగా విడగొట్టుకోవచ్చు. అడ్వాన్స్ ఇవ్వడానికి వెనకాడేవారు చివరి బిల్లుకు అంతకన్నా ఎక్కువ వెనకాడతారు.

కాపీరైట్ సంగతి చాలామంది పట్టించుకోరు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం ఉద్యోగి కాని డిజైనర్ తాను సృష్టించిన పనికి సాధారణంగా తొలి యజమాని. హక్కుల బదిలీ రాతపూర్వకంగా జరగాలి. గడువు రాయకపోతే ఐదేళ్లుగా, ప్రాంతం రాయకపోతే భారతదేశానికే పరిమితంగా భావిస్తారు. శాశ్వతంగా అన్ని హక్కులూ, మూల ఫైళ్లూ కావాలంటే దానికి వేరే ధర అడగడంలో తప్పు లేదు.

ఏడాది టర్నోవర్ రూ.20 లక్షలు దాటే వరకు సేవలు అందించేవారికి చాలా రాష్ట్రాల్లో జీఎస్టీ నమోదు తప్పనిసరి కాదు. విదేశీ ఖాతాదారుల నుంచి వచ్చిన మొత్తం కూడా ఈ పరిమితిలోకి వస్తుంది. నమోదు లేకుండా బిల్లులో జీఎస్టీ వసూలు చేయకూడదు. నమోదయ్యాక 18 శాతం కలపాలి. కంపెనీలైతే దాన్ని ఇన్‌పుట్ క్రెడిట్‌గా సర్దుకుంటాయి. బడులు, ఆసుపత్రుల వంటి వాటికి ఆ సౌలభ్యం చాలావరకు లేదు గనుక వారికి అది అదనపు ఖర్చే. కొటేషన్‌లో ‘జీఎస్టీ అదనం’ అనే రెండు మాటలు లేకపోతే ఆ భారం డిజైనర్ మీద పడుతుంది.

కంపెనీలు వృత్తిపరమైన సేవల చెల్లింపులో సాధారణంగా 10 శాతాన్ని మూలంలోనే పన్నుగా మినహాయిస్తాయి. 2025 ఏప్రిల్ నుంచి ఏడాదికి రూ.50 వేలు దాటిన చెల్లింపులకు ఇది వర్తిస్తోంది. ఇది పోయిన సొమ్ము కాదు. పన్ను బాధ్యత లేనివారికి రిటర్ను దాఖలు చేశాక తిరిగి వస్తుంది. అప్పటివరకు చేతిలో ఆ మేరకు డబ్బు తక్కువ ఉంటుందని మాత్రం గుర్తుంచుకోవాలి.

బకాయిల విషయంలో డిజైనర్లకు ఉన్న ఆయుధం ఉద్యమ్ నమోదు. 2020 జులై 1 నుంచి అమల్లో ఉన్న ఈ నమోదుకు రుసుము లేదు. సూక్ష్మ, చిన్న సంస్థగా నమోదైనవారికి 2006 నాటి ఎంఎస్ఎంఈ అభివృద్ధి చట్టం కింద రక్షణ ఉంది. గడువు రాసుకోకపోతే 15 రోజుల్లో, రాసుకున్నా 45 రోజులకు మించకుండా కొనుగోలుదారు చెల్లించాలి. లేకపోతే రిజర్వ్ బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్లు, నెలవారీ చక్రవడ్డీతో కట్టవలసి ఉంటుంది. గడువు లోపల చెల్లించని మొత్తాన్ని ఆ ఏడాది ఖర్చుగా చూపించుకోవడానికి వీల్లేకుండా 2024-25 మదింపు సంవత్సరం నుంచి ఆదాయపు పన్ను నిబంధన కూడా వచ్చింది. ఫిర్యాదును రాష్ట్రంలోని ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు పంపవచ్చు. పని మొదలుపెట్టకముందే నమోదు చేసుకుని, ఆ నంబరును కొటేషన్ మీదా ఇన్‌వాయిస్ మీదా ముద్రిస్తే చాలా బాకీలు అంతదూరం వెళ్లకుండానే వసూలవుతాయి.