వెలిగారంలోని ఆకుపచ్చ మంట

మార్కాపురం, గిద్దలూరు బజార్లలో నగలు చేసేవారికి వెలిగారం లేనిదే పని సాగదు. బంగారానికి అతుకు పెట్టే చోట దాన్ని రాసి మంట తగిలిస్తే, కరిగి గాజు పొరలా పరుచుకుంటుంది. లోహం మీది ఆక్సైడును తనలో కలిపేసుకుని అతుకు పారేందుకు దారిస్తుంది. వెలిగారంలో ఉన్నది బోరాన్. బోరాన్ మంటను ఆకుపచ్చగా మారుస్తుందని రసాయనశాస్త్రం చెబుతుంది. మరి కంసాలి మంట పసుపుగానే ఉంటుందేం?

కారణాలు రెండు. వెలిగారం అంటే సోడియం బోరేట్. సోడియం పసుపు కాంతి (589 నానోమీటర్లు) రవ్వంత ఉన్నా మిగతా రంగులను ముంచేస్తుంది. పైగా వెలిగారం కరుగుతుందే గాని సులువుగా ఆవిరి కాదు. మూలకం వాయువుగా మంటలోకి చేరితే తప్ప రంగు పలకదు.

ఈ రెండు అడ్డంకులనూ దాటే దారి ఫ్రాన్సులో దొరికింది. 1702లో రసాయన శాస్త్రవేత్త హోంబర్గ్ వెలిగారం నుంచి బోరిక్ ఆమ్లాన్ని వేరుచేశాడు. దాన్ని ఆల్కహాల్‌తో కలిపి వెలిగిస్తే మంట ఆకుపచ్చగా మారుతుందని 1732లో మరో రసాయన శాస్త్రవేత్త జెఫ్రాయ్ గమనించాడు. గే-లుసాక్, థెనార్, డేవీలు బోరాన్‌ను మూలకంగా రాబట్టింది 1808లో. అంటే మూలకం కన్నా 76 ఏళ్ల ముందే దాని రంగు లోకానికి తెలుసు!

వెలిగారానికి గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం, మిథనాల్ అనే ఆల్కహాల్ కలిపి వెలిగిస్తే లోపల జరిగేది ఇదీ. సల్ఫ్యూరిక్ ఆమ్లం వెలిగారంలోని సోడియాన్ని తన వైపు లాక్కుని బోరిక్ ఆమ్లాన్ని విడుదల చేస్తుంది. అది మిథనాల్‌తో కలిసి ట్రైమిథైల్ బోరేట్ అవుతుంది. సుమారు 68 డిగ్రీల సెల్సియస్ దగ్గరే మరిగే ఈ ద్రవం ఆవిరై మంటలోకి చేరుతుంది, సోడియం అడుగునే ఉండిపోతుంది. మంటలో పుట్టే బోరాన్ డయాక్సైడ్ అణువులు 548 నానోమీటర్ల చుట్టుపక్కల ఆకుపచ్చ కాంతిని వెదజల్లుతాయి. రాగి, బేరియం లవణాలూ ఆకుపచ్చనిస్తాయి కాబట్టి, లవణాన్ని నేరుగా మంటలో పెట్టకుండా ఇలా పుట్టిన ఆవిరిని వెలిగించి చూడటమే బోరేట్‌కు నమ్మకమైన పరీక్ష. కాలేజీ ప్రయోగశాలల్లో లవణ విశ్లేషణలో ఇథైల్ ఆల్కహాల్‌తో చేసేదీ ఇదే.

ఇరవయ్యో శతాబ్దంలో ఈ మంట ఇంజన్లకెక్కింది. బోరాన్ సమ్మేళనమైన ట్రైఇథైల్ బోరేన్ గాలి తగిలితే చాలు, తనంతట తానే భగ్గుమంటుంది. తేలిగ్గా అంటుకోని ఇంధనం వాడే అమెరికా గూఢచారి విమానం ఎస్‌ఆర్-71 ఇంజన్లను దానితోనే ముట్టించేవారు. ఆకుపచ్చ మెరుపు కనిపించేది. చంద్రుడి మీదికి మనుషులను పంపిన శాటర్న్-5 తొలిదశ ఇంజన్లూ అలాగే రాజుకున్నాయి. ఇస్రో 2024 మే 2న మహేంద్రగిరిలో సెమీ క్రయోజెనిక్ ఇంజన్ ప్రీబర్నర్‌ను వెలిగించి చూసినప్పుడు వాడింది కూడా ట్రైఇథైల్ అల్యూమినియం, ట్రైఇథైల్ బోరేన్ మిశ్రమమే.

క్యారమ్ బోర్డు మీద చల్లే పొడి బోరిక్ ఆమ్లమే కదా అని ఇంట్లో ఈ ప్రయోగానికి దిగకండి. మిథనాల్ విషం, దాని ఆవిరి క్షణంలో అంటుకుంటుంది. ప్రయోగశాలలో, అధ్యాపకుల పర్యవేక్షణలో, కొద్ది చుక్కలతోనే ఈ మంటను చూడాలి.