బస్తర్ పల్లెల్లో సికిల్ సెల్ నిర్ధారణ: రసాయన శాస్త్రం ముందున్న సవాలు

జగదల్‌పూర్: సికిల్ సెల్ వ్యాధిని నిర్ధారించే యంత్రాలు నగరాల్లో ఉన్నాయి. వ్యాధిగ్రస్తుల్లో చాలామంది మాత్రం బస్తర్ వంటి అటవీ ప్రాంతాల పల్లెల్లో ఉన్నారు. ఈ దూరాన్ని తగ్గించడమే జీవవిశ్లేషణ రసాయన శాస్త్రం, బయోమెడికల్ ఇంజినీరింగ్ రంగాల పరిశోధకుల ముందున్న పని.

హిమోగ్లోబిన్‌లోని బీటా గొలుసులో ఆరో స్థానంలో గ్లుటామిక్ ఆమ్లానికి బదులు వాలీన్ చేరడమే ఈ వ్యాధికి మూలం. ఆక్సిజన్ తగ్గగానే అటువంటి హిమోగ్లోబిన్ అణువులు ఒకదానికొకటి అతుక్కొని, ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారం దాలుస్తాయి. సాధారణంగా 120 రోజులు జీవించే కణం 10 నుంచి 20 రోజుల్లోనే నశిస్తుంది. సన్నని రక్తనాళాలు మూసుకుపోయి తీవ్రమైన నొప్పి కలుగుతుంది. ఈ మార్పు వల్ల అణువు విద్యుదావేశం కూడా మారుతుంది. ఆ తేడాను ఆధారం చేసుకొనే 1949లో లైనస్ పాలింగ్ బృందం ఎలక్ట్రోఫొరెసిస్ ద్వారా దీనిని అణుస్థాయి వ్యాధిగా నిరూపించింది.

ప్రస్తుతం గ్రామాల్లో తొలి వడపోతకు విరివిగా వాడుతున్నది సాల్యుబిలిటీ పరీక్ష. రసాయన ద్రావణంలో రక్తపు చుక్క కలిపితే, లోపమున్న హిమోగ్లోబిన్ కరగక ద్రావణం మసకబారుతుంది. ఖర్చు తక్కువ, ఫలితం నిమిషాల్లో వస్తుంది. అయితే వ్యాధిగ్రస్తుడెవరో, కేవలం వాహకుడెవరో ఇది చెప్పలేదు. గర్భస్థ హిమోగ్లోబిన్ అధికంగా ఉండే ఆరు నెలల లోపు శిశువుల్లో దీనిని నమ్మలేము. నిర్ధారణకు ఎలక్ట్రోఫొరెసిస్ లేదా హెచ్‌పీఎల్‌సీ పరీక్ష తప్పనిసరి. దానికి నిలకడైన విద్యుత్తు, శిక్షణ పొందిన సిబ్బంది కావాలి. నమూనా జిల్లా కేంద్రానికి వెళ్లినా, ఫలితం తిరిగి పల్లెకు చేరకపోతే పరీక్ష చేసినా చేయనట్టే.

వాహకులను గుర్తించడం బస్తర్‌లో మరింత కీలకం. గోండు తెగల్లో మేనరికానికి 'దూధ్ లౌటావా' అనే పేరుంది. ఇచ్చిన పాలను తిరిగి ఇవ్వడమని దాని అర్థం. ఒకే కుటుంబంలో జన్యులోపం ఉంటే వధూవరులిద్దరూ వాహకులయ్యే అవకాశం పెరుగుతుంది. అప్పుడు ప్రతి కాన్పులోనూ బిడ్డకు వ్యాధి సోకే అవకాశం 25 శాతం. అదే సమయంలో, వాహకులకు ఫాల్సిపారం మలేరియా నుంచి కొంత రక్షణ లభిస్తుంది. మలేరియా పీడిత ప్రాంతాల్లో ఈ జన్యువు తరతరాలుగా నిలవడానికి కారణమిదే. వ్యాధిగ్రస్తులకు మాత్రం మలేరియా ప్రాణాంతకం కావచ్చు.

పెద్ద యంత్రం అవసరం లేని పరీక్షలపై ఇప్పుడు దృష్టి పడింది. ప్రతిరక్షకాలు పూసిన కాగితపు పట్టీపై 'ఎ', 'ఎస్' గీతలు రెండూ కనిపిస్తే వాహకుడు. పెద్దవారిలో 'ఎస్' ఒక్కటే కనిపిస్తే వ్యాధి ఉందని భావించాలి. ఇటీవల రక్తం ఎక్కించుకున్నవారిలో ఈ లెక్క తప్పవచ్చు. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో సాయి శివ గొర్తి బృందం, రక్తం కాంతిని గ్రహించే తీరును కొలిచి వ్యాధిని గుర్తించే పద్ధతిపై పనిచేసింది. కోవిడ్ కాలంలో పేరొందిన 'ఫెలూదా' పరీక్షకు మూలం కూడా సికిల్ సెల్ పరిశోధనే. ఢిల్లీలోని సీఎస్ఐఆర్-ఐజీఐబీలో దేబొజ్యోతి చక్రవర్తి, సౌవిక్ మైతి ఒక్క అక్షరం మారిన జన్యువును పట్టుకునేందుకు చేసిన కృషిని 2020లో కరోనా వైరస్‌కు మళ్లించారు.

2023 జూలై 1న మధ్యప్రదేశ్‌లోని శహడోల్‌లో ప్రారంభమైన జాతీయ సికిల్ సెల్ నిర్మూలన మిషన్, 40 ఏళ్ల లోపు వారిలో 7 కోట్ల మందిని పరీక్షించాలని, 2047 నాటికి వ్యాధిని నిర్మూలించాలని లక్ష్యంగా పెట్టుకుంది. వ్యాధి తేలినవారికి ఇచ్చే హైడ్రాక్సీయూరియా మాత్రలు నొప్పి దాడులను తగ్గిస్తాయి. కానీ వాటిని వాడుతున్నంత కాలం నిర్ణీత వ్యవధిలో రక్తకణాల సంఖ్యను పరీక్షించాలి. అందుకు మళ్లీ ప్రయోగశాల కావాలి.