ఇంటికి కొత్త కిటికీ పెట్టే ముందు

రమజాను రాకముందే ఇంటికి సున్నం వేయించడం మన పెద్దల ఆనవాయితీ. ఇప్పుడు సున్నంతో ఎవరూ ఆగడం లేదు. గల్ఫ్ నుండి కుమారుడు పంపిన సొమ్ము చేతికి అందగానే పాత మిద్దెను దించి స్లాబు వేయిస్తున్నారు, నాపరాళ్ళు లేపి టైల్సు పరిపిస్తున్నారు, చెక్క కిటికీలు తీసి జరిగే అద్దాల కిటికీలు బిగిస్తున్నారు. ఇందులో తప్పేమీ లేదు. మనిషి ఇంటిని అల్లాహ్ విశ్రాంతి స్థలంగా చేశాడని సూరా నహ్ల్ 80వ ఆయతు తెలుపుతున్నది. ఆ విశ్రాంతికి తగినట్లు ఇంటిని బాగు చేసుకోవడం కృతజ్ఞతలో భాగమే. అయితే మస్అలా అడగడానికి మా వద్దకు వచ్చేవారిలో అధికులు గృహప్రవేశం అయిన తరువాతనే వస్తారు. “మౌల్వీ సాబ్, కమోడు ఖిబ్లా వైపు పడింది, ఇప్పుడేం చేయాలి?” అంటారు. సిమెంటు గట్టిపడిన తరువాత అడిగేకంటే, మేస్త్రీ ముగ్గు వేసేనాడే అడిగితే ఖర్చు తక్కువ.

ఆ ప్రశ్నతోనే మొదలుపెడదాం. మలమూత్ర విసర్జన సమయంలో ఖిబ్లాకు ముఖం గానీ వీపు గానీ పెట్టరాదని దైవప్రవక్త (స) వారించారు. ఈ హదీసును ఉల్లేఖించిన హజ్రత్ అబూ అయ్యూబ్ అన్సారీ (రజి) తాము సిరియాకు వెళ్ళినప్పుడు అక్కడి మరుగుదొడ్లు ఖిబ్లా వైపుకు కట్టి ఉండటం చూసి, పక్కకు తిరిగి కూర్చుని, అల్లాహ్‌ను క్షమాపణ వేడుకునేవారమని చెప్పారు. అద్దె ఇళ్ళలో, ఫ్లాట్లలో ఉన్నవారికి ఇదే మార్గం. సొంతంగా కట్టుకునేవారికి మాత్రం సాకు లేదు. షాఫయీ ఫిఖహ్‌లో నాలుగు గోడల మధ్య కొంత వెసులుబాటు ఉన్నది, మన హనఫీ ఫిఖహ్‌లో అది లేదు. తెలుగు ప్రాంతాలలో ఖిబ్లా సూటిగా పడమర కాదు. హైదరాబాదు, కర్నూలు, గుంటూరుల నుండి చూస్తే పడమటి నుండి ఉత్తరానికి సుమారు 12 నుండి 15 డిగ్రీలు వాలి ఉంటుంది. కమోడును ఉత్తర దక్షిణాలుగా అమర్చితే సమస్యే ఉండదు. వాస్తు చూసే మేస్త్రీలు కూడా అలాగే అమర్చమంటారు కనుక ఈ ఒక్క విషయంలో వారితో వాదన అవసరం రాదు! అయితే పాత వీధులలో స్థలాలు దిక్కులకు ఏటవాలుగా ఉంటాయి. మేస్త్రీ గోడను బట్టి కొలుస్తాడు, దిక్కును బట్టి కాదు. కాబట్టి దిక్సూచి పెట్టి నేల మీద సుద్దతో ఖిబ్లా గీత గీసి చూపించండి.

ఇక వుజూ. స్నానాల గది, మరుగుదొడ్డి ఒకటే అయిన ఇళ్ళలో వాష్ బేసిన్ కూడా అందులోనే పెడుతున్నారు. మరుగుదొడ్డిలో అల్లాహ్ నామం నోటితో ఉచ్చరించరాదన్నది మర్యాద. అలాంటప్పుడు బిస్మిల్లాహ్‌తో మొదలయ్యే వుజూను అక్కడ చేసుకోవలసి రావడం ఇబ్బందికరమే. బేసిన్‌ను తలుపుకు ఇవతల పెట్టిస్తే ఇబ్బంది తొలగిపోతుంది. వీలైతే దాని పక్కన కూర్చుని వుజూ చేయడానికి అడుగు పైచిలుకు ఎత్తున ఒక గట్టు, కాళ్ళు కడుక్కునే చోట గరుకు టైల్సు, నీరు నిలవకుండా అడుగుకు పావు అంగుళం వాలు ఉండేలా చూసుకోండి. మోకాళ్ళ నొప్పులున్న తల్లిదండ్రులు బేసిన్‌లోకి కాలెత్తే అవసరం తప్పుతుంది. ఒక ముద్ నీటితో, అంటే ముప్పాతిక లీటరు నుండి లీటరు లోపు నీటితో, దైవప్రవక్త (స) వుజూ చేసేవారని హజ్రత్ అనస్ (రజి) ఉల్లేఖించారు. మన కుళాయి పూర్తిగా విప్పితే అన్ని నీళ్ళు కొన్ని క్షణాలలోనే పోతాయి. కుళాయి ఎంచుకునేటప్పుడు దాని మెరుపు కంటే ముందు, సన్నని ధార నిలకడగా వస్తుందా లేదా అన్నది అంగడిలోనే విప్పి చూడండి.

గదుల అమరిక గురించి రెండు మాటలు. పెద్ద హాలు కావాలని పిల్లల గదిని కుదించవద్దు. పదేళ్ళ వయసు వచ్చేసరికి పిల్లల పడకలు వేరు చేయమన్న ఆదేశం మనకున్నది. బయటివారు కూర్చునే గది నుండి చేతులు కడుక్కునే చోటికి ఇంటి మధ్య నుండి నడవకుండా దారి ఉండాలి. వీధి తలుపు విషయంలో వడ్రంగికి ముందే చెప్పాలి. స్థలం కలిసివస్తుందని అతడు రెక్కను గోడ వైపుకు తెరుచుకునేలా బిగిస్తాడు. సగం తెరవగానే ఇల్లంతా కనబడుతుంది. కీలు రెండవ వైపు వేస్తే తెరిచిన రెక్కే తెరగా పనిచేస్తుంది. దైవప్రవక్త (స) ఎవరి ఇంటికైనా వెళ్ళినప్పుడు తలుపుకు ఎదురుగా నిలబడక కుడికో ఎడమకో నిలబడేవారు.

కిటికీల సంగతి మాత్రం మేము పుస్తకం చదివి రాస్తున్నది కాదు. నాలుగేళ్ళ క్రితం మా ఇంటికి వెనుక వైపు ఒక గది కలిపాము. గాలి బాగా ఆడాలని నైరుతి గోడకు నాలుగడుగుల కిటికీ పెట్టించాము. మన ప్రాంతంలో వర్షాకాలపు గాలి ఆ దిక్కు నుండే వస్తుంది కదా! ఆ గోడకు అవతల పొరుగింటి పెరడు. అక్కడ ఒక హిందూ సోదరి, భర్త పోయిన మనిషి, పాత్రలు తోముకునేది, బట్టలు ఉతికి ఆరవేసుకునేది. మేము ఆలోచించినది మా పర్దా గురించే. అంగడివాని సలహాపై పగలు బయటివారికి అద్దంలా మెరిసే గాజును బిగించాము. మా ఇంటివారు ఎవరికీ కనబడరని సంతోషించాము.

కొన్ని నెలల తరువాత మా శ్రీమతి చెప్పింది, ఆ సోదరి పగటిపూట పెరట్లోకి రావడమే మానుకున్నదని, చీకటి పడ్డాకనే పాత్రలు తోముతున్నదని. ఎందుకని అడిగితే, “అద్దం వెనుక ఎవరున్నారో నాకేం తెలుస్తుంది అక్కా?” అన్నదట. మాతో ఒక్క మాట అనలేదు. మేము మౌల్వీలమని మొహమాటపడింది కాబోలు. పొరుగువారి హక్కుల పాఠాన్ని మేము ఏటా మదరసాలో బోధిస్తాము.

పైగా ఆ గాజు మాకు కూడా సగం రక్షణే. లోపల దీపం వెలిగి బయట చీకటిగా ఉన్నప్పుడు దాని పని తిరగబడుతుంది, ఇల్లంతా బయటికి స్పష్టంగా కనబడుతుంది. గరుకు గాజుతో ఈ చిక్కు చాలావరకు ఉండదు, అయితే తెరిచినప్పుడు అదీ అడ్డు కాదు.

ఈ విషయంలో మన ఫిఖహ్ ఎంత స్పష్టంగా ఉన్నదో మాకు తెలియనిది కాదు. హజ్రత్ ఉమర్ (రజి) కాలంలో ఈజిప్టులోని ఫుస్తాత్ నగరంలో ఖారిజా బిన్ హుజాఫా (రజి) మేడ గది కట్టగా, అది పొరుగిళ్ళలోకి తొంగిచూడటానికి వీలిస్తుందన్న మాట వచ్చింది. ఆ గదిలో ఒక మంచం వేసి, దానిపై పొడవూ పొట్టీ కాని మనిషిని నిలబెట్టి చూడమని, కిటికీలోంచి అతనికి కనబడితే పడగొట్టమని ఖలీఫా గవర్నరుకు రాశారని చరిత్రకారుడు ఇబ్న్ అబ్దుల్ హకమ్ నమోదు చేశారు. ఉస్మానియా సామ్రాజ్యంలో 1869 నుండి 1876 వరకు హనఫీ ఫిఖహ్ ఆధారంగా సంకలనమైన ‘మజల్లా’ 1202వ అధికరణం కూడా స్త్రీలు మసలే వంటిల్లు, బావి గట్టు, పెరడు కనబడేలా కిటికీ తెరవడం తీవ్రమైన హానిగా పరిగణించి, గోడతోనో పలకలతోనో దాన్ని తొలగించాలని చెప్పింది. మనిషి ఎత్తుకు పైన ఉన్న కిటికీకి మాత్రం అభ్యంతరం లేదన్నది ఆ తరువాతి అధికరణం. ఈ రెండింటిలో ఎక్కడా పొరుగువారు ఏ మతస్థులన్న షరతు మాకు కనబడలేదు.

మేస్త్రీని మళ్ళీ పిలిచాము. కిటికీని పూడ్పించి, నేల నుండి ఆరడుగులకు పైన అడ్డంగా సిమెంటు జాలీ పెట్టించాము. వెచ్చటి గాలి పైకి చేరుతుంది కనుక అది బయటికి పోవడానికి ఆ ఎత్తే మేలు. లోనికి గాలి రావడానికి ఎదుటి గోడకు, మా సొంత వాకిలి వైపు, రెక్కలు పూర్తిగా తెరుచుకునే కిటికీ పెట్టాము. జరిగే కిటికీ ఎంత పెద్దదైనా ఒకసారి సగమే తెరుచుకుంటుంది. ఎదురెదురుగా రెండు దారులుంటే చిన్న కిటికీలైనా గాలి ఆడుతుందని అప్పుడు తెలిసింది. ఈ పని ముందే చేసి ఉంటే ఒక ఖర్చు తప్పేది.

పని పూర్తయ్యాక మా శ్రీమతి ఆ సోదరిని ఇంటికి పిలిచి, ఆ గదిలో నిలబెట్టి, స్టూలెక్కి కూడా చూడమన్నది. ఆమె నవ్వి, స్టూలు అవసరం లేదన్నది. మరునాడు పొద్దున్నే పెరట్లో పాత్రల చప్పుడు వినబడింది. తీసేసిన ఆ నాలుగడుగుల కిటికీ, గాజుతో సహా, నేటికీ మా మిద్దె మీద గోడకు ఆనించి ఉన్నది. ఖాళీ స్థలం వైపు గోడ ఉన్నవారెవరికైనా పనికివస్తుందనుకుంటే వచ్చి తీసుకువెళ్ళవచ్చు.