కడలి యొడ్డున ఇల్లు

విశాఖపట్టణమునుండి భీమునిపట్టణమునకు పోవు తీరపు బాటపై ఒక సాయంకాలము ప్రయాణము చేసినవారికి, ఇచ్చట మనకును ఒక ఇల్లున్న ఎంత బాగుండునని తోచక మానదు. కుడివైపున సముద్రము, ఎడమవైపున కొండలు; నడుమ లాసన్స్ బే కాలనీ, సాగర్ నగర్, ఋషికొండ, మంగమారిపేట, ఎఱ్ఱమట్టి దిబ్బలు ఒకదానివెంట నొకటి వచ్చుచుండును. 25, 30 కిలోమీటర్ల ఈ దారిలో నగరము చెంత అపార్టుమెంట్లు, నడిమిభాగమున కొత్త లేఅవుట్లు, కొసకు 1861లోనే పురపాలక సంఘమేర్పడిన భీమిలి పాతవీధులు గలవు. ఉద్యోగవిరమణము చేసినవారును, బిడ్డలు విదేశములనుండి పంపు ధనముతో ఇల్లు అమర్చుకొన గోరువారును ఈ ఊళ్లవంక చూచుచున్నారని మేము తరచు వినుచున్నాము.

అయితే ఆ సాయంకాలము కంటికి కనబడునవన్నియు ఇంటి ధరను పెంచునవే. ఇంటిని నిలుపునవి మాత్రము అంత సులభముగా కనబడవు. జీవితకాలపు కూడబెట్టును ఒక్క దస్తావేజుపై పెట్టు కుటుంబమునకు ఈ భేదము చిన్నది కాదు. కనబడని ఆ విషయములను ఒక్కొక్కటిగా చూతము.

మొదటిది పోటుగీత. సముద్రమునకు పెద్దపోటు వచ్చినపుడు నీరు చేరు మేరయే ఇది. 1986 నాటి పర్యావరణ పరిరక్షణ చట్టము క్రింద 1991లో తీరప్రాంత నిబంధనలు తొలిసారి వెలువడినవి. 2011లోను, 2019లోను మారినవి. జనులు సి.ఆర్.జెడ్. అని పిలుచునవి ఇవియే. పోటుగీతనుండి 500 మీటర్ల వరకు గల భూమి సాధారణముగా వీని క్రిందికి వచ్చును. పట్టణముగా ఎదిగిన భాగమున, ఉన్న రోడ్డునకు గాని అనుమతి పొందిన పాతకట్టడములకు గాని లోపలివైపుననే కొత్త ఇల్లు కట్టవచ్చును. గ్రామీణభాగములలో, 2011 జనాభా లెక్కలనుబట్టి చదరపు కిలోమీటరునకు 2,161 మందికి మించి నివసించుచోట మొదటి 50 మీటర్లు, తక్కినచోట్ల 200 మీటర్లు కొత్త ఇండ్లకు నిషిద్ధములు. కావున ఒకే తీరమున పొరుగుపొరుగుననున్న రెండు ఊళ్లలో, సముద్రమునకు ఒకే దూరమునగల రెండు స్థలములకు రెండు విధములైన నియమములు వర్తింపవచ్చును. భీమిలివద్ద గోస్తనీనది సముద్రమున కలియును. పోటునీరు ఎక్కివచ్చు అట్టి ఏటిగట్లకును ఈ నిబంధనలు గలవు. తరతరములుగా ఒడ్డున నివసించు మత్స్యకారులకు నిబంధనలే కొన్ని వెసులుబాట్లు ఇచ్చినవి. వారి ఇల్లు అచ్చట నున్నది గనుక మన ఇల్లును ఉండవచ్చునని తలచరాదు.

ఇది కాగితముమీది గీతయే కదా యనువారు కేరళరాష్ట్రమున కొచ్చి నగరము చెంతనున్న మరడు కథను తెలిసికొనవలెను. అచ్చట ఉప్పుటేటి గట్లమీద, స్థానికసంస్థ అనుమతులతోనే, పెద్ద భవనములు లేచినవి. జనులు ఫ్లాట్లు కొని, రిజిస్టరు చేయించుకొని కాపురముండిరి. తీరప్రాంత నిబంధనలకు విరుద్ధములని తేలుటచే వానిని కూల్చవలసినదని 2019 మే నెలలో సుప్రీంకోర్టు ఆజ్ఞాపించినది. 2020 జనవరి 11, 12 తేదీలలో నాలుగు భవనసముదాయములును మందుగుండుతో నేలకూల్చబడినవి. మూడువందలకు పైగా ఫ్లాట్లు పోయినవి. కొన్నవారి చేతులలో దస్తావేజులు లేక కాదు. ఆ దస్తావేజులకు గీతను జరుపు శక్తి లేకపోయినది.

రెండవది దస్తావేజు. రిజిస్ట్రేషను జరిగినంతమాత్రమున హక్కు స్థిరపడదు; అమ్మువానికి లేని హక్కు కొనువానికి రాదు. కాబట్టి లింకు దస్తావేజులను వెనుకకు చదువుకొనుచు పోవలెను. ఈ.సి. తీయించినపుడు అందు రిజిస్టరైన లావాదేవీలే కనబడును గాని, కోర్టులో నడుచు తగవులు, నోటిమాటపై జరిగిన పంపకములు కనబడకపోవచ్చునని గుర్తుంచుకొనవలెను. భూమి పేదలకు ప్రభుత్వమిచ్చిన డి-పట్టా భూమియేమో, రిజిస్ట్రేషను చట్టము 22-ఎ క్రింది నిషేధజాబితాలో నున్నదేమో విచారింపవలెను. కొత్త లేఅవుటుగాని అపార్టుమెంటుగాని 500 చదరపు మీటర్లకు మించిన స్థలమునగాని, ఎనిమిదింటికి మించిన ఫ్లాట్లతోగాని ఉన్నచో, 2016 నాటి రెరా చట్టము క్రింద నమోదు కావలెను. ఆ నంబరు చూపని వానికి బయానా ఇయ్యరాదు.

మూడవది నీరు. తీరమున భూమిలోని మంచినీరు ఉప్పునీటికంటె తేలిక యగుటచే దానిపై తేలుచుండును. సముద్రమట్టమునకు పైన ఒక మీటరు మంచినీరున్నచో, క్రింద సుమారు నలుబది మీటర్ల లోతువరకు మంచినీరుండునని శాస్త్రజ్ఞుల లెక్క. ఈ లెక్కకు మరియొక ముఖము కలదు: బోర్లతో తోడి పైమట్టమును ఒక మీటరు దించినచో, క్రిందినుండి ఉప్పునీరు క్రమముగా నలుబది మీటర్లు పైకి రాగలదు. కావున మన బోరొక్కటియే కాదు, చుట్టుపట్ల ఎన్ని బోర్లున్నవో చూడవలెను. నీటిని వేసవి చివర పరీక్ష చేయించుట మేలు. త్రాగునీటిలో కరిగిన లవణాదులు లీటరునకు 500 మిల్లీగ్రాములకు మించరాదనియు, వేరు గతి లేనపుడు 2,000 వరకు అనుమతింపవచ్చుననియు భారతీయ ప్రమాణము చెప్పుచున్నది.

నాల్గవది గాలి, దానితోడి ఉప్పు. 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను విశాఖవద్ద తీరము దాటినపుడు గాలి గంటకు 180 కిలోమీటర్లకు అటునిటు వేగముతో వీచినది. ఆనాటి అనుభవము ఈ తీరపు ప్రతి కుటుంబమునకు ఒక్కొక్క పాఠము. కాని తుపాను ఒక దినమున చేయు పనిని ఉప్పుగాలి ప్రతిదినము కొంచెము కొంచెముగా చేయును. ఉప్పు కాంక్రీటులోనికి దిగి ఇనుపకడ్డీని చేరును, త్రుప్పు పట్టిన ఇనుము ఉబ్బి కాంక్రీటును చీల్చును, పెచ్చులూడును. అందుచేతనే ఐ.ఎస్. 456 ప్రమాణము, సముద్రపు గాలి తగులు కట్టడములకు ఎం-30కు తగ్గని కాంక్రీటును, కడ్డీలపై 45 మిల్లీమీటర్ల కవరును విధించినది. పాత ఫ్లాటు కొనువారు ముందుగదిని చూచుటకు ముందు బాల్కనీ అడుగుభాగమును, మేడపైని నీళ్లతొట్టి క్రిందిభాగమును చూడవలెను. ఎఱ్ఱని చారలు కనబడినచో ఇంజనీరును పిలువవలెను.

ఇసుక కూడ కదలునదే. నైరుతిగాలుల కాలమున అలలు ఇసుకను తీరమువెంట ఉత్తరమునకు నడపును. నౌకాశ్రయపు అడ్డుకట్టలు ఆ నడకను ఆపుటచే రామకృష్ణా బీచివంటిచోట్ల ఇసుకకు కొఱత కలిగినది. రేవులో త్రవ్వితీసిన ఇసుకను ఒడ్డున పోయుచుండుట అందులకే. నేడు వెడల్పుగానున్న ఇసుకతిన్నెను చూచి ఇల్లు కొనువారు, పదేండ్లక్రిందట అది ఎంత యుండెనో ఊరివారిని అడుగవలెను.

అడుగవలసినవారు జాలరిపేటలలో నున్నారు. వల లాగుటకు, పడవ నిలుపుటకు, చేపలు ఎండబెట్టుటకు ఆ యిసుకయే వారికి పెరడు. మన ప్రహరీగోడ వారి దారిని మూసినచో పొరుగు మొదటిదినముననే చెడును. శీతకాలము చివరినుండి వేసవివరకు తాబేళ్లు ఇదే ఇసుకలో గ్రుడ్లు పెట్టును. పిల్లలు వెలుతురువైపు పోవును గనుక ఆ నెలలలో సముద్రమువైపు దీపములు తగ్గించుట మంచిది.

ఇన్నిటిని చెప్పినది ఎవరిని వెనుకకు త్రిప్పుటకు కాదు. తీరపు ఊళ్లలో సుఖముగా నున్నవారు అనేకులు. మా సలహా ఒక్కటి: కొనుటకు ముందు ఒక్క సంవత్సరము ఆ యూరిలోనే అద్దెకుండవలెను. మే నెల నీటిని, ఆషాఢమాసపు అలలను, కార్తికమాసపు గాలివానను చూడవలెను. పోటుగీత యెచ్చటనో జాలరిని అడిగి, పిదప పటములో సర్వేనంబరుతో సరిచూచుకొనవలెను. ఒక యేడాది అద్దె నష్టమని తోచవచ్చును. కాని ఆ యేడాది గడచిన వెనుకను ఆ ఇల్లు కొనవలెననియే తోచినచో, ఆ కోరిక ఒక సాయంకాలమున పుట్టినది కాదని నమ్మకముతో సంతకము చేయవచ్చును.