పొలం ఒకరిది, చక్రం ఇంకొకరిది: మౌంటెన్ బైక్ దారులు, అనుమతులు



పొలం గట్టు మీద సైకిల్ తొక్కి రైతు చేత చీవాట్లు తిన్న అనుభవం మీలో కొందరికైనా ఉండే ఉంటుంది. నాకు ఉంది. బడికి తొందరగా చేరాలని వరిమళ్ల మధ్య గట్టు మీదుగా పోయేవాణ్ణి. వానాకాలంలో ఒకరోజు బాగా నానిన గట్టులో చక్రం దిగబడింది. సైకిల్ పైకి లాక్కుని నా దారిన నేను వెళ్లిపోయాను. ఆ గాడి గుండా రాత్రికి రాత్రి పై మడిలోని నీరంతా కింది మడిలోకి జారిపోయింది. ముందురోజు చల్లిన ఎరువు కూడా నీటితోపాటే పోయింది. మర్నాడు ఆ ఆసామి దారి కాచి నన్ను అడిగింది ఒకటే మాట: "ఎవర్ని అడిగి తొక్కావురా?"

ఆ రోజు నా దగ్గర జవాబు లేదు. ఈ ప్రసంగంలో మనం చర్చించబోయేది ఆ ప్రశ్ననే. అయితే నా పాత సైకిల్ బదులు మౌంటెన్ బైక్‌ను, ఒక కుర్రవాడి బదులు వారాంతంలో వచ్చే వేల మందిని ఊహించుకోండి.

లావు టైర్లు, గట్టి బ్రేకులు, కొండదారుల కుదుపులను తట్టుకునే చట్రం ఉన్న సైకిల్‌ను మౌంటెన్ బైక్ అంటాం. 1970లలో అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం, మారిన్ కౌంటీలో కొందరు యువకులు పాత సైకిళ్లకు మార్పులు చేసి కొండ మీది నుంచి దిగడం మొదలుపెట్టారు. అక్కడి నుంచే ఇది ప్రపంచమంతా పాకింది. ఈ సైకిల్ నడిచే సన్నని మట్టిబాటను ట్రెయిల్ అంటారు. అది ప్రభుత్వ అడవిలో ఉంటే అనుమతి సంగతి అటవీశాఖ చూసుకుంటుంది. రైతు పచ్చికబయలు మీదుగానో, చేను అంచునుంచో పోతే ఎవరు చూసుకోవాలి?

ఇంగ్లండులో దీనికి చాలా పాత జవాబు ఉంది. అక్కడ సొంత పొలాల గుండా కూడా ప్రజలందరూ నడిచే హక్కున్న బాటలు ఉన్నాయి. ఇంగ్లండు, వేల్సులలో వాటి మొత్తం పొడవు దాదాపు 2,25,000 కిలోమీటర్లు. వాటిలో కాలిబాటలు వేరు, గుర్రపు బాటలు వేరు. 1968 నాటి గ్రామీణ ప్రాంతాల చట్టం సైకిళ్లకు గుర్రపు బాటల మీద పోయే హక్కు ఇచ్చింది. నడిచేవారికి, గుర్రపు రౌతులకు దారి వదలాలన్నది షరతు. ఉత్త కాలిబాట మీద సైకిల్‌కు అలాంటి హక్కు లేదు. ఎక్కితే సాధారణంగా అది నేరం కాదు గాని, భూమి యజమాని మీద చేసిన సివిల్ తప్పు అవుతుంది. అంటే ఒకే పొలంలో పక్కపక్కనే ఉన్న రెండు బాటల్లో ఒకదాని మీద మీరు హక్కుదారులు, రెండోదాని మీద చొరబాటుదారులు!

అక్కడి చట్టంలో ఇంకో విచిత్రం ఉంది. 1980 నాటి రహదారుల చట్టం 31వ సెక్షన్ ప్రకారం ఒక బాటను ప్రజలు 20 ఏళ్లు ఆటంకం లేకుండా, హక్కుగా భావించి వాడుకుంటే, యజమాని దానిని ప్రజలకు ఇచ్చివేసినట్లే లెక్క. తనకు ఆ ఉద్దేశం లేదని యజమాని రుజువు చూపగలిగితే తప్ప అది ప్రజాబాట అయిపోతుంది. హక్కుగా వాడడమంటే ఏమిటి? బలవంతం ఉండకూడదు, దొంగచాటుతనం ఉండకూడదు, అనుమతీ ఉండకూడదు. ఈ మూడో షరతు దగ్గర ఒక్క క్షణం ఆగండి. అనుమతి తీసుకుని 40 ఏళ్లు నడిచినా హక్కు పుట్టదు. అడగకుండా, అందరూ చూస్తుండగా 20 ఏళ్లు నడిస్తే పుట్టవచ్చు. అందుకే తెలివైన రైతు "రావద్దు" అని కంచె వేయడు. "ఇది నా అనుమతితో వాడుకునే బాట" అని బోర్డు పెడతాడు. ఆ బోర్డు మనకు ఆహ్వానంలా కనబడుతుంది. రైతుకు మాత్రం అది తన భూమికి వేసుకున్న తాళం. పర్మిట్ల వెనక ఉన్న అసలు తర్కం ఇదే. డబ్బు వసూలు కోసమే పర్మిట్లు పెడతారని చాలామంది పొరపడుతుంటారు.

పొరుగునే ఉన్న స్కాట్లండు వేరే దారి పట్టింది. 2003లో చేసిన భూసంస్కరణ చట్టం 2005లో అమలులోకి వచ్చి, బాధ్యతగా మెలిగేవారికి దాదాపు అన్ని భూముల మీద నడిచే, సైకిల్ తొక్కే హక్కు ఇచ్చింది. ఇళ్ల పెరళ్లు, పంట వేసిన చేను అందులోకి రావు. చేను అంచు మీదుగా మాత్రం పోవచ్చు. అక్కడ పర్మిట్ అడగక్కరలేదు గాని, పంటను చూసి నడుచుకోవలసిన బాధ్యత వచ్చేవాడి మీదే ఉంది.

మరి మన దేశంలో? మన దగ్గర 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం ఉంది. తొలినాడే ఇది మద్రాసు ప్రెసిడెన్సీకి వర్తించింది కనుక కోస్తా, రాయలసీమ జిల్లాల వాళ్లకు దీనితో పరిచయం పాతదే. పక్కవాడి పొలం గుండా తన పొలానికి 20 ఏళ్లు బహిరంగంగా, నిరాటంకంగా, హక్కుగా నడిచిన రైతుకు ఆ దారి మీద హక్కు వస్తుందని 15వ సెక్షన్ చెబుతుంది. ఇక్కడ ఒక తేడా గమనించాలి. ఈ హక్కు మనిషికి కాదు, అతని పొలానికి చెందుతుంది. పట్నం నుంచి బైక్ వేసుకొచ్చిన కుర్రవాడికి అక్కడ పొలమే లేదు. కాబట్టి ఈ సెక్షన్ కింద అతనికి హక్కు పుట్టే ప్రసక్తి లేదు. అతను పొందగలిగేది 52వ సెక్షన్ చెప్పే లైసెన్సు, అంటే అనుమతి మాత్రమే. ఇచ్చినవాడు దానిని వెనక్కి తీసుకోవచ్చు. దీనికి 60వ సెక్షన్‌లో ఒక మినహాయింపు ఉంది. అనుమతిని నమ్ముకుని డబ్బు ఖర్చుపెట్టి అక్కడ శాశ్వతమైన కట్టడం కట్టుకుంటే, ఆ అనుమతిని రద్దు చేయడం కుదరదు. ట్రెయిల్ కోసం రైతు పొలంలో ఎవరైనా రాతివంతెన కడతామంటే ముందుగా కాగితం రాసుకోవలసిన అవసరం ఇద్దరికీ ఉంటుంది.

ఇప్పుడు అమెరికాకు వెళదాం. అక్కడ రైతుకు ఉన్న భయం వేరు. తన పొలంలో ఎవడో పడి కాలు విరగ్గొట్టుకుని, తిరిగి తన మీదే దావా వేస్తాడేమోనని! ఆ భయం పోగొట్టడానికి 1953లో మిషిగన్ రాష్ట్రం ఒక చట్టం చేసింది. తర్వాత మిగతా రాష్ట్రాలూ అదే బాట పట్టాయి. డబ్బు తీసుకోకుండా వినోదం కోసం భూమిని తెరిచిన యజమాని, కావాలని హాని చేస్తే తప్ప, ప్రమాదాలకు జవాబుదారీ కాడన్నది ఈ చట్టాల సారాంశం. చిక్కంతా 'డబ్బు తీసుకోకుండా' అన్న మాటలోనే ఉంది. రైతు మనిషికి అయిదు డాలర్లు వసూలు చేస్తే ఆ రక్షణ సాధారణంగా పోతుంది. ఉచితంగా ఇస్తే చెత్త, రద్దీ, విరిగిన గేట్లు మాత్రమే మిగులుతాయి.

ఈ చిక్కుకు వెర్మాంట్ రాష్ట్రంలోని ఈస్ట్ బర్క్ అనే చిన్న ఊరు ఒక మార్గం కనిపెట్టింది. 1994లో అక్కడ కింగ్‌డమ్ ట్రెయిల్స్ అనే లాభాపేక్ష లేని సంఘం ఏర్పడింది. దాదాపు వంద మంది సొంత భూముల మీదుగా 160 కిలోమీటర్లకు పైగా బాటలు అల్లింది. పాస్ అమ్మేది సంఘం. ఆ డబ్బు బాటల నిర్వహణకు పోతుంది. యజమానులు భూమిని ఉచితంగానే ఇస్తారు. గడ్డి మైదానాలు, మేపిల్ తోపులు, పాత పశువుల కొట్టాల పక్కగా సాగే ఆ బాటల కోసం అమెరికా నుంచే కాక సరిహద్దు దాటి కెనడా నుంచి కూడా జనం వచ్చేవారు. ఊళ్లో హోటళ్లు, సైకిల్ దుకాణాలు వెలిశాయి.

2019 డిసెంబరులో డార్లింగ్ హిల్ అనే కొండ మీది ముగ్గురు యజమానులు తమ భూముల్లోకి సైకిళ్లు రాకూడదన్నారు. అంతే, ఆ బాటలు మూతబడ్డాయి. అప్పీలు లేదు, కోర్టు లేదు. అనుమతి ఇచ్చినవారే తీసేసుకున్నారు. వంద మందిలో ముగ్గురే కదా అంటారా? మీరు గణితంలో గ్రాఫ్‌ల గురించి చదివి ఉంటే ఒక సంగతి గుర్తుచేసుకోండి. వలలో అంచున ఉన్న ముడి తెగితే పోయేది కొద్దిగానే. నడిమధ్య ముడి తెగితే వల రెండు ముక్కలవుతుంది. డార్లింగ్ హిల్ ఆ బాటలకు నడిమధ్య ఉన్న ముడి. ఊరివాళ్ల కోణం నుంచి చూస్తే బతుకుతెరువుకు దెబ్బే. కాని నేను ఆ యజమానులను తప్పుపట్టలేను. తన వాకిట్లోకి పది మంది వచ్చినప్పుడు "రండి" అన్న మనిషి, వేల మంది వచ్చినప్పుడూ అదే మాట అనాలని లేదు.

ఇంతవరకు మనుషుల సంగతి చూశాం. ఇక మట్టి సంగతి. మౌంటెన్ బైకులు నేలను పాడుచేస్తాయన్న మాట ఎంతవరకు నిజం?

చిన్న లెక్క చేయండి. మనిషి, సైకిల్ కలిపి 88 కిలోలు అనుకుందాం. ఒక్కో చక్రం మీద సుమారు 44 కిలోలు. గట్టినేల మీద టైరు మోపే ఒత్తిడి దాదాపు టైరులోని గాలి ఒత్తిడితో సమానం. 25 పి.ఎస్.ఐ. అంటే చదరపు సెంటీమీటరుకు సుమారు 1.75 కిలోలు. అంటే టైరు నేలను తాకే మేర 25 చదరపు సెంటీమీటర్లు. రెండు పాదాల మీద నిలబడ్డ మనిషి ఒత్తిడి ఇంతకంటే చాలా తక్కువ. ఈ లెక్క చూస్తే సైకిలే దోషి అనిపిస్తుంది. కాని 1994లో మోంటానాలో కొండబాటల మీద కృత్రిమంగా వాన కురిపించి చేసిన పరిశోధనలో చక్రాల కంటే గుర్రపు డెక్కలు, మనిషి పాదాలే ఎక్కువ మట్టిని వదులు చేస్తాయని తేలింది. 2001లో ప్రచురితమైన కెనడా పరిశోధన ఒంటారియో అడవిలో 500 సార్ల దాకా నడిపించి, తొక్కించి చూసి, మొక్కలకు జరిగే నష్టంలో రెండింటికీ చెప్పుకోదగ్గ తేడా లేదంది. కారణం ఊహించవచ్చు. పాదం నేలను తన్నుతుంది, చక్రం దొర్లుతుంది. అయితే పేరున్న బాట మీద 500 సంఖ్య ఒక్క వారాంతంలోనే దాటిపోతుంది. పైగా బ్రేకు పట్టి జార్చిన చక్రం దొర్లదు, నాగలిలా దున్నుతుంది.

ఇంకో తేడా ఉంది. నా చిన్ననాటి గట్టు నాకు నేర్పింది ఇదే. తడినేల మీద పాదాలు విడివిడి గుంటలు చేస్తాయి, నీరు వాటిలో నిలుస్తుంది. చక్రం చేసేది తెగని గాడి. వాలు మీద ఆ గాడి కాలువ అవుతుంది. నీటి వేగం రెండింతలైతే అది దొర్లించగల రాయి బరువు 64 రెట్లు పెరుగుతుందని భౌతికశాస్త్రంలో ఒక సూత్రం ఉంది. అందుకే నిట్టనిలువుగా దిగే బాట రెండు వర్షాకాలాల్లో వాగుగా మారుతుంది. మంచి బాట కొండను అడ్డంగా కోస్తూ పోతుంది. బాట వాలు కొండవాలులో సగం మించకూడదని బాటలు వేసేవారు ఒక నియమం పెట్టుకున్నారు. కొండవాలు 20 శాతమైతే బాటవాలు 10 శాతం లోపే. బాటను బయటి వైపుకు 5 శాతం, అంటే మీటరు వెడల్పుకు 5 సెంటీమీటర్లు వంచితే, నీరు బాట వెంట పరుగెత్తకుండా అడ్డంగా దాటిపోతుంది.

వెర్మాంట్‌లో వసంతకాలాన్ని బురద కాలం అంటారు. మంచు కరిగి నేల పైపొర మెత్తబడుతుంది, లోపలిపొర ఇంకా గడ్డకట్టే ఉంటుంది. నీరు ఇంకడానికి దారి లేదు. అందుకే అప్పుడు బాటలు మూసేస్తారు. మన నల్లరేగడి నేలలో వానాకాలం అలాంటిదే. మంచు లేకపోయినా ఉబ్బిన బంకమట్టి నీటిని కిందికి పోనివ్వదు.

పశువుల సంగతి ఒక్కటి చెప్పాలి. 2001లో బ్రిటన్‌లో గాలికుంటు వ్యాధి పెచ్చరిల్లి, 60 లక్షలకు పైగా పశువులను చంపవలసి వచ్చింది. వైరస్ బూట్లకు, చక్రాలకు అంటిన బురదతో కూడా ప్రయాణించగలదు కనుక దేశమంతటా పొలాల బాటలు మూసేశారు. గేటు దగ్గర "చక్రాలు కడుక్కుని రండి" అన్న బోర్డు కనిపిస్తే అది చాదస్తం కాదని ఇప్పుడు మీకు అర్థమవుతుంది. "గేటును ఎలా ఉన్నదో అలాగే వదలండి" అన్న బోర్డూ అంతే. తెరిచి ఉన్న గేటును మర్యాదకు మూసినా నష్టమే, అవతల నీళ్లతొట్టికి పోవలసిన గొర్రెలు ఇవతలే ఉండిపోతాయి.

పర్మిట్ కాగితంలో ఏముండాలని నన్నడిగితే, ముందుగా ఏ నెలల్లో, ఏ వానల తర్వాత బాట మూతపడుతుందో రాయమంటాను. ఆ తర్వాత దెబ్బతిన్న బాటను ఎవరు, ఎన్ని రోజుల్లో బాగుచేస్తారో, అనుమతి ఉపసంహరించుకోవాలంటే ఎన్నాళ్ల ముందు చెప్పాలో రాయాలి. రుసుము ఎంతన్నది చివరి వరుసలో ఉన్నా చాలు.

మీరు చేయగలిగిన పని ఒకటి చెబుతాను. మీ ఊరి రెవెన్యూ పటం సంపాదించండి. తెలంగాణలో దానిని నక్షా అంటారు. మీరు రోజూ సైకిల్ మీద పోయే పుంతనో, డొంకనో, బండ్లబాటనో అందులో వెతకండి. దానికి విడిగా సర్వే నంబరు ఉండి పోరంబోకుగా రాసి ఉందా, లేక ఎవరిదో పట్టా నంబరు మధ్య నుంచి పోతున్నదా చూడండి. రెండోదైతే ఆ రైతు ఇంటికి వెళ్లి, అక్కడ ఎప్పటి నుంచి, ఎవరి మాట మీద జనం నడుస్తున్నారో అడిగి రాసుకోండి.