ఏలీ తప్పినా దేవుడు తప్పడు

షిలోహు మందిరంలో కన్నీళ్లతో మౌనంగా ప్రార్థిస్తున్న హన్నాను చూసి, తాగి వచ్చిందనుకుని యాజకుడైన ఏలీ గద్దించాడు (1 సమూ 1:13,14). అదే మందిరంలో తన కుమారులు చేస్తున్న దుర్మార్గం తెలిసినా, మాటలతో మందలించి ఊరుకున్నాడే తప్ప వారిని అడ్డుకోలేదు (1 సమూ 3:13). నిర్దోషిని నిందించి దోషిని వదిలేసే మందిరం విశ్వాసికి ఎంత పెద్ద పరీక్ష!

ఐర్లండ్‌కు చెందిన క్యాథలిక్ విశ్వాసి మేరీ కాలిన్స్ ఆ పరీక్షనే ఎదుర్కొన్నారు. 1960లో, 13 ఏళ్ల వయసులో డబ్లిన్‌లోని పిల్లల ఆసుపత్రిలో ఉన్నప్పుడు అక్కడ పరిచర్య చేసే ఫాదరే ఆమెపై లైంగిక దాడి చేశాడు. 1985లో మరో ఫాదర్‌తో ఆ బాధ చెప్పుకుంటే, తప్పు ఆమెదే కావచ్చునన్నాడు. ఆమె మరో పదేళ్లు నోరు విప్పలేదు. చివరికి 1997లో దోషికి శిక్ష పడింది. డబ్లిన్ చర్చి పెద్దలు పిల్లల క్షేమం కన్నా పరువుకు, ఆస్తులకే విలువిచ్చారని 2009లో మర్ఫీ కమిషన్ తేల్చింది. దేవునిపై తన విశ్వాసం చెదరలేదని, పోయింది నాయకులపై గౌరవమేనని 2012లో ఆమె రోమ్‌లోనే చెప్పారు. 2014లో పోప్ ఫ్రాన్సిస్ నియమించిన పిల్లల రక్షణ కమిషన్‌లో చేరారు. బాధితుల ఉత్తరాలకు జవాబివ్వడానికి కూడా వాటికన్ కార్యాలయం ఒప్పుకోకపోవడంతో 2017లో రాజీనామా చేశారు.

హన్నా కూడా ఏలీ ముందు మర్యాదగానే నిలబడి నిజం చెప్పింది. ఏలీ మీద కోపంతో ప్రార్థన మానలేదు. ఎందుకంటే ఆమె నమ్మింది ఏలీని కాదు, దేవుణ్ణి. ఆమె కన్న సమూయేలుకే దేవుడు ఏలీ ఇంటిపై తన తీర్పును తెలియజేశాడు. చర్చి తప్పును ఎత్తి చూపేవారంతా దేవుని శత్రువులు కారు. కొన్నిసార్లు దేవుడు మాట్లాడేది వారి ద్వారానే!

ఇది క్యాథలిక్కుల గొడవ అని మనం చేతులు దులుపుకోలేం. అమెరికాలో సదరన్ బాప్టిస్టు నాయకుల కార్యాలయం లైంగిక ఆరోపణలున్న 700 మందికి పైగా పేర్ల జాబితాను ఏళ్ల తరబడి రహస్యంగా ఉంచిందని 2022లో విచారణ నివేదిక బయటపెట్టింది. తీర్పు దేవుని ఇంటి నుంచే ఆరంభమవుతుంది (1 పేతురు 4:17). మన సంఘంలో ఒక బిడ్డ వణుకుతూ నోరు విప్పితే 'సంఘం పరువు' అంటూ నోరు మూయిస్తామా? పోలీసుల దగ్గరకు తోడు వెళ్తామా? 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం కూడా దాచడం నేరమే. చిన్నవారిని అభ్యంతరపరిచేవాని మెడకు తిరుగటిరాయి కట్టి సముద్రంలో ముంచడమే మేలన్నాడు ప్రభువు (మత్తయి 18:6). అలాంటివాడు సేవకుడైతే మినహాయింపు ఉంటుందని ఆయన చెప్పలేదు.